మరిచిపోనివ్వని సిరా

శేషారత్నం గారికి పొద్దున ఇడ్లీ తిన్న సంగతి కాసేపటికే గుర్తుండదు. కానీ ఎప్పుడో పేపర్లో పడిన కోచింగ్ సెంటరు ప్రకటన మాత్రం ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతారు. "చేరిన ప్రతి విద్యార్థికీ ర్యాంకు, చేరని వారికి చింత" అని ఆవిడ వరండాలో కూర్చుని రాగం తీస్తుంటే కూతురు ఇందుమతికి నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. ఆ ప్రకటన అమ్మ బుర్రలోకి ఎక్కించిన సిరా తను తయారుచేసిందే మరి.

ఇందుమతి కాకినాడలో ఒక డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెబుతుంది. ఏటా విద్యార్థుల్ని కోరంగి మడ అడవులకు తీసుకెళ్ళడం ఆమెకు అలవాటు. ఒక ఏడు ఒక పాయ గట్టు మీద నిలబడి ఆమె చెప్పిన పాఠాన్ని పిల్లలు ఏళ్ళు గడిచినా అక్షరం తప్పకుండా చెప్పేవారు. అదంతా తన బోధన గొప్పతనమే అనుకుని కొన్నాళ్ళు మురిసిపోయింది. తర్వాత తేలిందేమిటంటే గొప్పతనం ఆమెది కాదు, ఆ గట్టున బురదలోంచి పొడుచుకొచ్చిన వేళ్ళ మీద పట్టిన బూజుది.

ఆ బూజును జాడీల్లో గంజిపోసి పెంచింది. వడగట్టి అచ్చు సిరాలో కలిపితే మొగలిపువ్వు లాంటి వాసన సన్నగా వచ్చేది. ఆ వాసన ముక్కుకు తగులుతుండగా ఏది చదివితే అది మనసులో ఉండిపోతుంది, ఇంక పోదు. అయితే దానికి కొన్ని పేచీలున్నాయి. సీసా మూత తీస్తే ఆ రోజే వాడెయ్యాలి. కాగితం మీద వాసన తెల్లారేసరికి ఎగిరిపోతుంది. అన్నిటికన్నా పెద్ద పేచీ, ముక్కు రోజుకు ఒక్క విషయాన్నే పట్టుకుంటుంది. మొదట చదివింది నిలుస్తుంది, తర్వాత చదివింది మామూలు చదువే. ఈ సంగతి తెలియక ఇందుమతి ఒకరోజు ప్రయోగం మొదలుపెట్టబోతూ బల్ల మీదున్న బట్టల సబ్బు కవరు మీది రాత ముందు చదివింది. దాన్ని ఎలా వాడాలో, చంటిపిల్లలకు ఎందుకు అందనివ్వకూడదో ఆమెకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

ఇదంతా మొదలుపెట్టింది అమ్మ కోసం. శేషారత్నం గారు 'తూరుపుగాలి' అనే సాయంకాలం పేపర్లో పెద్దవయసు దాకా ప్రూఫ్ రీడరుగా పనిచేశారు. ఒక అక్షరం తలకిందులైతే అల్లంత దూరం నుంచి పట్టేసే మనిషి, స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోవడం మొదలైంది. తర్వాత వీధి పేరు మరిచిపోయారు. డాక్టరు చెప్పాల్సింది చెప్పాడు. అమ్మ తనను పోల్చుకోలేని రోజు ఒకటి వస్తుందని ఇందుమతికి అర్థమైంది. ఆ రోజు రాకముందే ఒక కార్డు మీద ఒక్క వాక్యం అచ్చేసి అమ్మ చేత చదివిస్తే చాలు.

కానీ ఆ ఒక్క వాక్యం ఏమిటి? "నేను నీ కూతుర్ని, నా పేరు ఇందుమతి" అని రాస్తే ఆఫీసు గుమాస్తా రాసినట్టుంది. ఇంకోటి రాస్తే సినిమా డైలాగులా ఉంది. రాసింది రాసినట్టే అమ్మ మనసులో ఉండిపోతుంది కదా అని భయం. పైగా అమ్మకు తప్పులు పట్టే అలవాటాయె. రాసి చింపి, రాసి చింపి, సిరా ఎక్కడికి పోతుందిలే, జాడీల నిండా ఉంది, రేపు చూద్దాం అనుకుంది. అలా చాలా రేపులు గడిచిపోయాయి.

*

ఒక మధ్యాహ్నం పేర్రాజు గారు ఇంటికొచ్చారు. తూరుపుగాలికి ఎడిటరూ యజమానీ ఆయనే. తండ్రి పెట్టిన పేపరు.

"ఈ నెలాఖరుతో మూసేస్తున్నానండి రత్నం గారూ," అన్నారు కుర్చీలో కూలబడి. "ప్రకటనలన్నీ ఫోన్లలోకి పోయేయి. జీతాలివ్వలేక ఆఫీసుకి దొడ్డిదారిన వెళ్తున్నాను. నిన్న వేసిన వార్త ఇవాళ ఎవడికీ గుర్తుండదు. గుర్తే లేని పేపరు రేపెవడు కొంటాడండి?"

శేషారత్నం గారు ఆయన వంక తేరిపార చూసి, "వినికిడి మానేశారా?" అని అడిగారు.

"లేదండి. అది మాననండి."

"మరి మూతపడటమేమిటి, మీ చాదస్తం!"

వినికిడి అంటే ఆ పేపరు ఆఫీసులో పుట్టిన మాట. ఎవరి మీదైనా చెడ్డ వార్త రాస్తే, అచ్చుకు వెళ్ళేముందు ఆ మనిషి దగ్గరికి పోయి, రాసింది మొత్తం పైకి చదివి వినిపించాలి. అతను ఏమంటే అది కూడా కింద వెయ్యాలి. తిట్టినా వెయ్యాలి. పేర్రాజు గారి తండ్రి పెట్టిన పద్ధతి. శేషారత్నం గారు ప్రూఫు చేతికి తీసుకోగానే అడిగే మొదటి ప్రశ్న, "వినికిడి అయిందా?" కాలేదంటే పెన్సిలు ముట్టేవారు కాదు. ఈ చాదస్తం వల్ల కొన్ని వార్తలు ఆలస్యమయ్యాయి, కొన్ని చచ్చిపోయాయి. పేపరు మీద ఒక్క మనిషి కూడా కోర్టుకెక్కలేదు.

ఇందుమతికి ఆయన్ని చూస్తే జాలేసింది. అమ్మ జీవితమంతా ధారపోసిన చోటు. తను చదువుకున్నది ఆ జీతంతోనే. "బాబాయి గారూ, గుర్తుండేలా చెయ్యడమేగా కావలసింది? ఆ పూచీ నాది," అంది.

*

మొదటి రోజు పేర్రాజు గారు పైనే పెద్దక్షరాల్లో వేశారు. గీతల పెట్టెలో మొగలి వాసన వచ్చే వార్త చదివితే మరిచిపోలేరు, ఇష్టం లేనివారు ఆ పెట్టె వదిలేసి చదువుకోండి అని. వదిలేసిన వాళ్ళు ఎవరూ లేరు సరికదా, పక్క ఊళ్ళ నుంచి వచ్చి మరీ కొన్నారు. రోజుకు ఒక్క పెట్టె. అందులో ముందు అన్నీ మంచి విషయాలే వేశారు. పాము కరిస్తే ఏం చెయ్యాలి, కుక్క కరిస్తే ఏ ఆస్పత్రికి వెళ్ళాలి. ఆ ఏడు తుఫాను వచ్చినప్పుడు తీరం వెంబడి ఊళ్ళలో ఎవరెటు పోవాలో చిన్నపిల్లలకు కూడా నోటికి వచ్చు. ఒక్క ప్రాణం పోలేదు. పేర్రాజు గారు ఇందుమతి చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. ఆమె గర్వపడింది. గర్వపడాల్సిన పనే, కాదనను.

తర్వాత ప్రకటనల వాళ్ళు వచ్చారు. వాళ్ళు రాకుండా ఉంటారా? మనిషి చచ్చేదాకా మరిచిపోలేని ప్రకటనంటే నగల దుకాణం వాళ్ళూ కోచింగ్ సెంటర్ల వాళ్ళూ మెట్ల మీద బారులు తీరారు. మొదట వారానికొక్కటే అన్నారు పేర్రాజు గారు. జీతాలు తారీఖుకల్లా పడుతుంటే ఆ వారం కాస్తా రోజు మార్చి రోజు అయింది. కొత్త కంప్యూటర్లు వచ్చాయి, ఆఫీసు గోడలకు సున్నం పడింది. ఎటొచ్చీ సిరాకు తొందర ఎక్కువ. మూత తీశాక ఆగకూడదు, సాయంత్రానికి పేపరు జనం చేతిలో ఉండాలి. దాంతో వినికిడికి టైము చాలేది కాదు. ముందు మనిషి వెళ్ళడం మానేసి ఫోనులో చదవడం మొదలైంది. ఫోను ఎత్తకపోతే "అందుబాటులోకి రాలేదు" అని వెయ్యడం మొదలైంది. అడిగే శేషారత్నం గారు ఆఫీసులో లేరు. ఎవరో వచ్చి వినికిడి ఆపేద్దామని నిర్ణయించలేదు, దానంతటదే నీరుగారిపోయింది.

ఇంట్లో శేషారత్నం గారు రోజూ సాయంత్రం ఇందుమతి చేత జడ వేయించుకుని, పెన్సిలు పట్టుకుని పేపరు మొత్తం చదివేవారు. అలవాటు. పెట్టెలో ఉన్నదల్లా ఆవిడ బుర్రలో పేరుకుపోయింది. నగల ప్రకటనలు కూడా. ఇందుమతి దాన్ని చూసి సంతోషించింది. జబ్బు ఉన్నవాళ్ళలో కూడా సిరా నిలుస్తోందని రుజువైంది కదా. కార్డు సంగతి మాత్రం రేపటికి పడుతూనే ఉంది.

*

ఒక ఆడపిల్లల హాస్టల్లో పాలు తాగి పిల్లలు వాంతులు చేసుకున్నారు. పల్లవి అని ఎనిమిదో తరగతి పిల్ల ఆస్పత్రిలో చనిపోయింది. ఊరు ఊరంతా రోడ్డెక్కింది. హాస్టలు వంటింట్లో దొరికిన పాలక్యాను మీద ఎర్ర రంగుతో పేరు రాసి ఉంది. సూరిబాబు పాలకేంద్రం, జగన్నాథపురం.

సూరిబాబు ఇందుమతి వాళ్ళ వీధి చివర ఉంటాడు. వాళ్ళింటికి పాలు పోసేది అతనే. శేషారత్నం గారు దారి తప్పితే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేది కూడా అతనే. పోలీసులు అతన్ని తీసుకెళ్ళారని వినగానే ఇందుమతికి నమ్మబుద్ధి కాలేదు. అయినా క్యాను మీద పేరుంది. ఆస్పత్రిలో పిల్ల శవం ఉంది.

పేర్రాజు గారు ఆస్పత్రి నుంచి నేరుగా ప్రెస్సుకు వచ్చారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఈ ఊరు అన్నీ మరిచిపోతుందమ్మా," అన్నారు. "ఎన్ని ఘోరాలు జరిగినా నెల తిరిగేసరికి ఎవడి పని వాడిది. ఈ పిల్లని చంపినవాణ్ణి మాత్రం మరిచిపోనివ్వను. ఇవాళ పెట్టెలో ప్రకటన తీసెయ్యండి, వాళ్ళ డబ్బు వెనక్కిచ్చేద్దాం."

ఆయన మనసులో కల్మషం లేదు. అదే వచ్చిన చిక్కు. డబ్బు కోసం చేస్తున్న పనైతే ఎక్కడో ఒకచోట చెయ్యి వణికేది.

ఇందుమతి అప్పటికే సీసా మూత తీసి సిరా కలుపుతోంది. "వినికిడి?" అని అడిగింది. అమ్మ ప్రశ్న అలవాటుగా నోటికొచ్చింది, అంతే.

"స్టేషన్లో ఉన్నాడు. ఎప్పుడు కలవనిస్తారో ఏవిటో! మూత తీసేసేవు కదా?"

"తీసేశానండి."

"మరింక ఆగితే ఎలాగమ్మా?"

ఆమె సిరా తొట్టిలో పోసింది. 'పాలలో విషం కలిపింది సూరిబాబే' అన్న శీర్షిక మొగలి వాసనతో ఊరందరి చేతుల్లోకీ వెళ్ళింది.

*

వారం తిరక్కుండానే నిజం బయటపడింది. హాస్టలుకు పాలు పోసింది ఎవరో కాంట్రాక్టరు. పురుగుమందు పోసిన పాత క్యాన్లను సరిగ్గా కడక్కుండా వాడేశాడు. ఆ క్యాన్లు ఒకప్పుడు సూరిబాబువే. అతను కొత్తవి కొనుక్కుని పాతవి ఎప్పుడో పాత సామాన్ల వాడికి అమ్మేశాడు. మీద రాసిన పేరు చెరిపేయలేదు.

స్టేషను బయట పేర్రాజు గారు చేతులు జోడిస్తే సూరిబాబు ఆయన చేతులు కిందికి దించాడు. "ఒక్క మాట అడిగుంటే సెప్పేవోణ్ణి కదండీ అయ్యగోరూ," అన్నాడు. "రెండు ముక్కల్లో తేలిపోయేది కదండీ."

పేర్రాజు గారు ఆ రోజే కాలేజీ ల్యాబుకు వచ్చారు. "పారబొయ్యమ్మా. ఈ పాపిష్టి సిరా ఒక్క చుక్క కూడా మిగలకూడదు," అన్నారు. ఆయనే చొక్కా చేతులు మడిచి ఒక్కో జాడీలో బ్లీచింగు పౌడరు గుమ్మరించారు. ఇందుమతి అడ్డం చెప్పలేదు. సిగ్గుతో ఆమెకూ ఒళ్ళు తెలియడం లేదు. ఆ బూజు దొరికిన గట్టు తుఫానుకు కొట్టుకుపోయిందనీ, ఈ జాడీలు పోతే ఇంక మళ్ళీ దొరకదనీ ఆమెకు తెలుసు. అయినా పొయ్యనిచ్చింది. తప్పు చేసినవాళ్ళకు చేతులు కడుక్కోవాలని ఎంత ఆత్రం ఉంటుందో అంతా ఆ ల్యాబులో కనిపించింది. ఆ పారబోస్తున్న సిరాయే రేపు తప్పు దిద్దడానికి కావలసి వస్తుందేమోనని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

కాకపోతే ఇందుమతి ఒక్క సీసా మిగుల్చుకుంది. ఇంట్లో ఫ్రిజ్జులో, ఊరగాయ జాడీ వెనకాల దాచింది. అది అమ్మది. ఈసారి రేపు అనకూడదని ఒట్టు పెట్టుకుంది.

*

మర్నాడు తూరుపుగాలి మొదటి పేజీలో, తప్పు వార్త పడిన చోటే, అంతకన్నా పెద్ద అక్షరాల్లో సవరణ పడింది. మామూలు సిరాతో. సూరిబాబు నిర్దోషి, క్షమించమని వేడుకుంటున్నాం అని.

ఊరు చదివింది. చదివి, పాపం అనుకుని, మడిచి పక్కన పడేసింది. వారం పోయాక టీ బడ్డీ దగ్గర సూరిబాబు పేరు వస్తే జనం నోట వచ్చింది పాత శీర్షికే. తర్వాత ఏదో వేసినట్టున్నారు కదా అని ఎవరైనా అంటే, ఏమోలే, డబ్బిచ్చి వేయించుకుని ఉంటాడని ఇంకొకరు. వాళ్ళ తప్పేముంది? ఒకటి మనసులో నాటుకుంది, రెండోది నాటుకోలేదు. సూరిబాబు పాలు కొనేవాళ్ళు లేక గేదెల్ని ఒక్కొక్కటే అమ్ముకున్నాడు. అతని భార్య బజారుకు వెళ్ళడం మానేసింది.

అతను ఒకరోజు పేపరు ఆఫీసుకు వచ్చాడు. ఇందుమతి కూడా అక్కడే ఉంది.

"అయ్యగోరూ, మీరేసిన మాపీ ఎవరి బుర్రకీ అంటుకోలేదండి," అన్నాడు నిలబడే. "ఆ మంచి సిరాతో ఒక్కసారి ఎయ్యండి."

"లేదు సూరిబాబూ. అదంతా ఆ రోజే పారబోసేసేం."

"నాకు అంటించడానికి ఉంది గానీ, దులపడానికి లేదా అండి?"

ఇందుమతికి ఫ్రిజ్జులోని సీసా గుర్తొచ్చింది. నోరు తెరవబోయి మూసుకుంది. అది అమ్మది, అమ్మ కోసం దాచుకున్నది, ఎవరికోసమో ఎందుకివ్వాలి అనుకుంది. అతను ఎవరో కాదని ఆమెకు తెలుసు. ఆ సాయంత్రం తన మీద తనకే అసహ్యం వేసింది, అయినా సీసా జోలికి పోలేదు.

నాలుగు రోజుల తర్వాత ఆమె కాలేజీ నుంచి వచ్చేసరికి ఇంటి తలుపులు బార్లా తీసి ఉన్నాయి. అమ్మ లేదు. వీధులన్నీ వెతుక్కుంటూ వంతెన దాకా పరిగెత్తింది. ఎదురుగా అమ్మ వస్తోంది, చెప్పులు లేకుండా, ఎండలో, మాటిమాటికీ వెనక్కి తిరిగి అరుస్తూ. వెనకాల కొంచెం ఎడంగా సూరిబాబు నడుస్తున్నాడు. ఆవిడ ఆగితే ఆగుతున్నాడు. లారీ వస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి లారీని ఆపుతున్నాడు గానీ ఆవిడ దగ్గరికి మాత్రం రావడం లేదు.

"చూడమ్మా, చూడు!" శేషారత్నం గారు కూతురి చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "పాలల్లో విషం కలిపినవాడు నా వెంట పడుతున్నాడు. పేపర్లో పడింది!"

"రేవు కాడ కనపడ్డారండి," అన్నాడు సూరిబాబు దూరం నుంచే. "చెయ్యి పట్టుకుందామంటే బెదిరిపోతన్నారండి. అందుకే ఎనకాల వచ్చేను. నీళ్ళు పట్టండి ముందు, నోరెండిపోయింది ఆవిడికి."

అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

*

"దాచేవా!" అన్నారు పేర్రాజు గారు ఇందుమతి బల్ల మీద పెట్టిన సీసా చూసి. ఆశ్చర్యంలో సంతోషం కూడా ఉంది. వెంటనే ఏదో తట్టి మొహం మారిపోయింది. "ఎందుకు దాచేవమ్మా?"

ఆమె చెప్పింది.

"అయితే వద్దు, తీసుకుపో," అన్నారాయన. "రత్నం గారికి నేనేం సమాధానం చెప్పుకుంటాను?"

"అమ్మ ఈ ఆఫీసులో ఉండి ఉంటే ఆ వార్త అచ్చయ్యేదే కాదు బాబాయి గారూ. మూత తీసింది నేను. కలిపింది నేను. మీరు రాయండి."

ఆయన రాశారు. రాశాక ఇద్దరూ సూరిబాబు ఇంటికి వెళ్ళారు. ఖాళీ గేదెల పాక ముందు నిలబడి పేర్రాజు గారు మొత్తం పైకి చదివి వినిపించారు. వినికిడి. సూరిబాబు, అతని భార్య తలుపు దగ్గర నిలబడి విన్నారు.

"ఇందులో ఏవైనా మార్చాలా?"

సూరిబాబు తల గోక్కున్నాడు. "మార్చక్కర్లేదండి. ఒక్క ముక్క కలపండి. అడిగుంటే సెప్పేవోణ్ణి అన్నాను కదండీ, అది ఎయ్యండి."

వేశారు. పాత శీర్షికతోనే మొదలుపెట్టి, అది అబద్ధమని, రాసింది తామేనని, సూరిబాబును అడగలేదని, అడిగి ఉంటే చెప్పేవాడని. పాతది మనసుల్లోంచి పోదు. కొత్తది దాని పక్కనే కూర్చుంటే చాలు.

సిరా మొత్తం తొట్టిలో పోశాక సీసా అడుగున ఒక చుక్క మిగిలింది. ఆ చుక్కతో ఇందుమతి ఒక కార్డు అచ్చు వేసుకుంది. ఇన్నాళ్ళూ తెగని వాక్యం ప్రెస్సులో నిలబడిన పాటున వచ్చేసింది. "రోజూ నీకు జడ వేసేది నీ ఇందు." అంతే. ఇంత తేలికైన మాట కోసం ఇన్నాళ్ళు ఎందుకు ఆగానా అని ఆమెకు దుఃఖం ముంచుకొచ్చింది.

ఇంటికెళ్ళేసరికి అమ్మ వరండాలో పెన్సిలు పట్టుకుని పేపరు కోసం కూర్చుని ఉంది. ఇందుమతి ఒక చేతిలో పేపరు, ఒక చేతిలో కార్డు. రెండిటికీ అదే వాసన. అమ్మ ముక్కు ఒక్కదాన్నే పట్టుకుంటుంది, తెల్లారితే వాసన ఉండదు, ఇంక సిరా లేదు.

కార్డు ముందు ఇవ్వాలనే అనుకుంది. పేపరు ఒక్క ఇంట్లో చదవకపోతే ఏమవుతుంది? ఊరంతా చదువుతోంది కదా. చెయ్యి సగం ముందుకు చాపింది కూడా. అప్పుడు గుర్తొచ్చింది, ఎండలో దూరదూరంగా నడిచిన మనిషి. ఊరందరి చేతా చదివించి తన ఇంట్లో మాత్రం దాచిపెడితే, తన అమ్మ నోట మాత్రం అతను హంతకుడిగానే మిగిలిపోతే, ఇది ఏం సవరణ? అమ్మే మామూలుగా ఉండి ఉంటే మొహం మీదే అడిగేది.

పేపరు ఇచ్చింది.

శేషారత్నం గారు పెన్సిలుతో ఒక్కో పదం కింద గీత గీస్తూ పెట్టె చదివారు. చదివి, కళ్ళద్దాల మీదుగా చూశారు. "వినికిడి అయిందా?"

"అయిందమ్మా."

"అయితే వేసుకోండి," అన్నారావిడ తృప్తిగా.

కార్డు కూడా ఇచ్చింది, ఏమో, అద్భుతాలు జరుగుతాయేమోనని. ఆవిడ చదివి, "బాగుంది, తప్పులేం లేవు," అని పక్కన పెట్టారు. పడుకునే వేళకు ఆ కార్డు ఎవరిదని అడిగారు.

*

ప్రకటనల వాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. సిరా లేని పేపరుతో వాళ్ళకేం పని? తూరుపుగాలి మళ్ళీ పలచబడింది. కొత్త కంప్యూటర్లు అమ్మేశారు. ఈసారి మూత ఖాయమనుకున్నారు పేర్రాజు గారు.

కానీ ఊరికి ఇప్పుడు ఒక సంగతి మరుపు రాదు. ఈ పేపరు ఒక మనిషిని అడక్కుండా అతని మీద రాసింది, తప్పని తెలిశాక ఆ తప్పు జనం మరిచిపోకుండా తనే అచ్చేసుకుంది. ఫోనులో ఏదైనా వార్త చూస్తే, "అతన్ని అడిగారంటావా?" అనడం కాకినాడలో మాటతీరులో కలిసిపోయింది. అడిగి రాసే పేపరు కావాలనుకున్నవాళ్ళు ఒక్కొక్కరే చందా కట్టడం మొదలుపెట్టారు. రేవు పడవల వాళ్ళు, బడిపంతుళ్ళు, కాజాల దుకాణం వాళ్ళు. పెద్ద మొత్తాలేం కాదు. జీతాలు కాస్త అటూ ఇటుగా పడుతున్నాయి. సూరిబాబు మళ్ళీ రెండు గేదెల్ని కొన్నాడు, అమ్మినవన్నీ తిరిగి రాలేదు. పల్లవి ఎలాగూ రాదు.

"ఇన్నాళ్ళూ మన సిరాకి డబ్బులిచ్చేరు," అన్నారు పేర్రాజు గారు ఒకసారి ఇందుమతితో. "ఇప్పుడు మన సిగ్గుకి చందా కడుతున్నారమ్మా. ముందే వినికిడికి కట్టించుకుని ఉంటే ఎంత బాగుండేది."

వానాకాలం వచ్చేసరికి శేషారత్నం గారికి కూతురు గుర్తు లేదు. ఎవరో జీతానికి వచ్చే మంచి అమ్మాయి అనుకుంటారు. మీరు అని పిలుస్తారు. జడ వేయించుకుని, శ్రమ ఇచ్చానంటారు. అద్దంలో తలదువ్వుతున్న కూతురి మొహం చూసి, మీకు పిల్లలెంతమంది అని మర్యాదగా అడుగుతారు.

ఒక సాయంత్రం ఇందుమతి జడ అల్లుతుండగా గేటు చప్పుడైంది. సూరిబాబు పాలు తెచ్చాడు. అమ్మ బెదురుతుందేమోనన్న పాత అలవాటుతో ఇందుమతి జడ అల్లడం ఆపింది. శేషారత్నం గారు మాత్రం నవ్వి, "రావయ్యా సూరిబాబూ," అని చెంబు పట్టారు. అతను పోసి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆవిడ వెనక్కి తిరిగి గొంతు తగ్గించి, ముఖ్యమైన సంగతి చెబుతున్నట్టు చెప్పారు. "అతను ఏ పాపం చెయ్యలేదండీ. అడక్కుండా రాసేశారట. పేపర్లో పడింది, నేనే చదివాను. మీకు తెలియదేమోనని చెబుతున్నా. మీ అమ్మగారికి కూడా చెప్పండి."

"అలాగేనండి, చెబుతాను," అంది ఇందుమతి.